మూసేముందు ఒక చూపు

మెడలోని ధమనికి చివరి కుట్టు పడింది. క్లాంపులు తీశారు. అప్పటిదాకా చప్పబడి ఉన్న నాళం ఒక్కసారిగా ఉబ్బి గుండెతో పాటు కొట్టుకోవడం మొదలుపెట్టింది. కుట్టు వెంబడి రెండు మూడు చోట్ల రక్తం ఊరితే గాజుగుడ్డ అదిమి ఆపారు. సర్జన్ వేలు పెట్టి చూస్తే నాడి బలంగా తగులుతోంది. చూసేవాళ్లకు పని అయిపోయిందనే అనిపిస్తుంది. చాలా థియేటర్లలో నిజంగానే అయిపోతుంది కూడా. గాయం మూసి, రోగిని మత్తులోంచి లేపి, చేతులూ కాళ్లూ కదపమంటారు. కదిపితే గండం గడిచినట్టే.

కొందరు సర్జన్లు మాత్రం అక్కడ ఆగుతారు. గాయాన్ని తెరిచే ఉంచి, అల్ట్రాసౌండ్ మిషన్‌ను బల్ల పక్కకు తెమ్మంటారు. తాము ఇప్పుడే కుట్టిన ధమని మీదే ప్రోబ్ ఆనించి లోపల ఏం జరుగుతోందో చూస్తారు. మహా అయితే ఐదు పది నిమిషాల పని. ఆపరేషన్ నైపుణ్యం అనగానే మనకు కత్తి పట్టిన చెయ్యే గుర్తొస్తుంది. నాకు మాత్రం అంతకంటే ముచ్చటగా తోచేది ఈ ఐదు పది నిమిషాలే. ఎవరూ తప్పు పట్టకముందే, ఇంకా దిద్దుకునే వీలుండగానే తన పనిని తానే అనుమానించడం ఏ వృత్తిలోనైనా అంత తేలిగ్గా అబ్బే గుణం కాదు.

దవడ కింద వేలు పెడితే కొట్టుకునేదే కెరోటిడ్ ధమని. కాస్త పైకి పోయాక అది రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ ముఖానికీ తల మీది చర్మానికీ పోతే, రెండోది నేరుగా మెదడుకు పోతుంది. చీలేచోట నాళం కొంచెం ఉబ్బెత్తుగా ఉండి రక్తం సుడి తిరుగుతుంది. కొవ్వూ సున్నమూ కలిసిన గార పేరుకోవడానికి అది అనువైన చోటు. గార పెరిగి నాళం పూర్తిగా మూసుకుపోవడం ఒక భయం. అంతకంటే పెద్ద భయం, గార పగిలి దాని మీద కట్టిన రక్తపుగడ్డ తునక ఎగిరిపోయి మెదడులో చిక్కుకోవడం. పక్షవాతానికి ఉన్న అనేక కారణాల్లో ఇదొకటి. ముందే కనిపెడితే చేత్తో తీసెయ్యగలిగిన కారణం కూడా.

ధమనిని చీరి లోపలి గారను తీసెయ్యవచ్చని మొదట చూపింది లిస్బన్ సర్జన్ జువావ్ సిద్ దుస్ సాంతుస్. 1946లో కాలి ధమనిలో చేశారు. విచిత్రమేమిటంటే, మెదడు నాళాల్లోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే పద్ధతిని 1927లో ఎగాస్ మోనిజ్ కనిపెట్టింది కూడా ఆ ఊళ్లోనే. నాళాన్ని బాగుచెయ్యడం, నాళం లోపలికి చూడటం అనే రెండు విద్యలూ ఒకే ఊరివి. మెడ విషయానికొస్తే, 1954లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఈస్ట్‌కాట్, పికరింగ్, రాబ్ కలిసి చెడిన ముక్కను కోసేసి ధమనిని తిరిగి అతికిన ఆపరేషన్ లోకానికి తెలిసింది. హ్యూస్టన్‌లో డీబేకీ అంతకు ముందు ఏడాదే గార తీసే పద్ధతిలో చేశారు గానీ, ఆ సంగతి పత్రికకెక్కింది 1975లో.

ఈ ఆపరేషన్ వల్ల నిజంగా మేలుందా అన్న తగువు 1991దాకా తెగలేదు. ఆ ఏడాది వెలువడిన ఉత్తర అమెరికా పరిశోధనలో, నాళం 70 నుంచి 99 శాతం ఇరుకై, అప్పటికే ఒకసారి పక్షవాతపు చిన్నపాటి హెచ్చరిక వచ్చినవాళ్లను రెండు జట్లు చేశారు. మందులతోనే ఉన్నవాళ్లలో రెండేళ్లలో నూటికి 26 మందికి ఆ నాళం వైపు మెదడు దెబ్బతిని పక్షవాతం వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 9 మందికి. లెక్క ఘనంగానే ఉంది. కానీ ఆ తొమ్మిదిలో ఆపరేషన్ తెచ్చిపెట్టినవీ ఉన్నాయి. రోగి తన కాళ్ల మీద నడిచొస్తాడు. పక్షవాతం రాకుండా చేస్తామని చెప్పి, చేస్తూ చేస్తూ మనమే తెప్పిస్తే ఆ ఇంటివాళ్లకు ఏం జవాబు చెప్తాం? అందుకే ఈ ఆపరేషన్‌కు ఒక హద్దు గీశారు. హెచ్చరిక వచ్చినవాళ్లలో పక్షవాతం, మరణం కలిపి 6 శాతం దాటకూడదు. ఏ లక్షణమూ లేనివాళ్లలో 3 శాతం దాటకూడదు. అంత సన్నటి హద్దులో పనిచేసేవాళ్లకు మిల్లీమీటరు తేడా కూడా తేడాయే.

తప్పులు ఎక్కడ దాక్కుంటాయో తెలియాలంటే పనిని కాస్త దగ్గరగా చూడాలి. మెడ కండరం అంచు వెంబడి కోసి ధమనిని చేరతారు. నాలుకను కదిపే నరం దారికి అడ్డంగా పోతుంది. గొంతుకు కొమ్మ పంపే నరం ధమనిని అంటిపెట్టుకునే ఉంటుంది. రెండింటినీ నొప్పించకూడదు. గార ఉన్నచోట నాళాన్ని అదిమినా లాగినా తునకలు మెదడుకు పోతాయి. అందుకని అక్కడ చెయ్యి తగిలీ తగలనట్టు పని చెయ్యాలి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి క్లాంపులు వేస్తారు. ఆ క్షణం నుంచి మెదడు మిగతా మూడు నాళాల దయ మీద బతకాలి. అవి చాలవనిపిస్తే షంట్ అనే సన్నటి గొట్టం పెట్టి రక్తాన్ని మళ్లిస్తారు.

నిలువునా చీరిన నాళంలో గారకూ గోడకూ మధ్య ఒక దారి దొరుకుతుంది. చదునైన మొద్దు పనిముట్టుతో ఆ దారిలో దూరి పొర విప్పుకుంటూ పోతే గార ఒకే ముక్కగా, ధమని చీలిన ఆకారంలోనే బయటికొస్తుంది. అసలు పరీక్ష మెదడు వైపు కొసలో ఉంటుంది. అక్కడ గార పలచబడి పలచబడి మామూలు లోపలిపొరలో కలిసిపోతుంది. సరిగ్గా ఆ చోట అంచు లేవకుండా నున్నగా తెగాలి. అంచు లేచి ఉంటే రక్తం దాని కిందికి దూరి పొరను ఎత్తేస్తుంది. అనుమానమొస్తే రెండు మూడు సన్నటి కుట్లతో ఆ అంచును గోడకు పట్టేస్తారు. గుండె వైపు అంచు దగ్గర మాత్రం, రక్తం వచ్చే దిక్కు వల్ల పొర దానంతటదే గోడకు అణుగుతుందని కొంచెం ధీమాగా ఉంటారు. ఆ ధీమా వల్లే అక్కడ దళసరి మెట్టు ఒకటి మిగిలిపోవడమూ ఉంది. తర్వాత సెలైన్ పోసి, నీళ్లలో తేలే పీచును భూతద్దాల కళ్లజోడులోంచి చూస్తూ పట్టకారుతో ఒక్కొక్కటే లాగేస్తారు. ఓపిక లేనివాళ్లకు ఇది తగిన వృత్తి కాదు.

చీరిన చోటును అలాగే కుట్టేస్తే నాళం ఇరుకవుతుందని చాలామంది ప్యాచ్ వేస్తారు. పశువు గుండెపొరతో తయారైనది కావచ్చు, డేక్రాన్ అనే కృత్రిమ గుడ్డ కావచ్చు, రోగి సొంత సిర ముక్కే కావచ్చు. చివరి కుట్లు బిగించేముందు ఒక్కో క్లాంపునూ క్షణం వదిలి, లోపల మిగిలిన గాలీ చెత్తా బయటికి చిమ్మేలా చేస్తారు. ఆ తర్వాత రక్తానికి ముందు ముఖం వైపు కొమ్మకే దారి ఇస్తారు. గుండె కొన్నిసార్లు కొట్టుకున్నాకే మెదడు వైపు క్లాంపు తీస్తారు. తునక ఏదైనా మిగిలి ఉంటే చెంపకో దవడకో పోతుంది, మెదడు జోలికి పోదు. ఈ వరుస ఎవరి బుర్రలో పుట్టిందో గానీ వాళ్లకు దణ్ణం పెట్టాలి.

దర్జీ రవికె కుట్టాక దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూసుకుంటాడు. సర్జన్‌కు ఆ వీలు లేదు. చివరి ముడి పడగానే ధమని లోపలివైపు కంటికి శాశ్వతంగా దూరమవుతుంది. నిజానికి తిరగేసి చేసే పద్ధతి ఒకటి ఉంది. మెదడు వైపు కొమ్మను మొదట్లోనే తెంపి, గోడను పైకి మడుచుకుంటూ పోయి గారను లాగేసి, మడత దింపి మళ్లీ అతుకుతారు. ప్యాచ్‌తో పని లేదు. అయితే ఆ పద్ధతిలో అందరూ భయపడే పై కొస మడతలో ఎక్కడో ఉండిపోతుంది. గోడ దింపేసరికి దాన్ని నేరుగా చూసే అవకాశమే పోతుంది.

మరి వేలికి తగిలిన నాడి? దాన్ని నమ్మడానికి లేదు. లోపల గడ్డ పట్టిన నాళం కూడా పక్కనుంచి వచ్చే అదురుకు కొట్టుకుంటూనే ఉంటుంది. పెన్ను ఆకారపు చిన్న డాప్లర్ ఆనిస్తే రక్తం పరుగు చెవికి వినిపిస్తుంది. తర్ఫీదున్న చెవి చాలా పసిగడుతుంది. మెదడుకు పోయే రక్తం గుండె విశ్రాంతి తీసుకునే వేళ కూడా ఆగదు కాబట్టి దాని చప్పుడు తెగకుండా సాగుతుంది. ముఖానికి పోయేది కొట్టి ఆగుతుంది. కానీ చప్పుడు విని పొర ఎక్కడ లేచిందో చెప్పలేం. అందుకని మొదట్లో ధమనిలోకి సూది గుచ్చి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఇప్పటికీ తీసేవాళ్లున్నారు. బొమ్మ స్పష్టంగానే వస్తుంది, అయితే అది నీడ. ఒక దిక్కు నుంచి తీసిన నీడలో ఇంకో దిక్కున ఉన్న పొర కనిపించకపోవచ్చు. ఇంగ్లండ్‌లో లెస్టర్ సర్జన్లు ఇంకో దారి తొక్కారు. రక్తం వదలకముందే సన్నటి కెమెరా గొట్టాన్ని లోపలికి దూర్చి గోడను కళ్లారా చూస్తారు. గడ్డలు, పొరలు బాగా దొరుకుతాయి, కానీ పారే రక్తం ఎలా ఉందన్నది ఆ చూపులో ఉండదు.

ఆకారాన్నీ ప్రవాహాన్నీ ఒకేసారి చూపేది అల్ట్రాసౌండ్. 1950ల్లో జపాన్‌లోని ఒసాకాలో షిగియో సటోమురా ధ్వని తరంగాలతో గుండె కదలికలనూ రక్తపు పరుగునూ పట్టాడు. అమెరికాలోని సియాటిల్‌లో యూజీన్ స్ట్రాండ్‌నెస్ బృందం 1970ల్లో బొమ్మనూ డాప్లర్‌నూ ఒకే మిషన్‌లో కలిపింది. దాన్ని థియేటర్‌లో తెరిచిన ధమని మీదికి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది చికాగోలోని బెర్నార్డ్ సీగెల్, ప్రెస్టన్ ఫ్లానిగన్‌లను. ఆపరేషన్ మధ్యలో నాళాల లోపాలను బొమ్మలో పట్టడం గురించి వాళ్లు 1982లో రాశారు. ఎక్స్‌రేకు దొరకని లోపాలు అల్ట్రాసౌండ్‌కు దొరకడం మొదలైంది. మరీ ఎక్కువగా దొరకడం కూడా మొదలైంది. ఆ చిక్కు సంగతి తర్వాత.

థియేటర్‌లో చూసే తీరు చాలా సింపుల్‌గా కనిపిస్తుంది. హాకీ కర్ర వంపున్న చిన్న ప్రోబ్‌ను, లోపల జెల్ వేసిన స్టెరైల్ తొడుగులోకి దించుతారు. గాయం నిండా సెలైన్ పోస్తారు, ఎందుకంటే ప్రోబ్‌కూ ధమనికీ మధ్య గాలి ఉంటే ధ్వని అక్కడే తిరిగిపోతుంది. మామూలు స్కానింగ్‌లో చర్మం, కొవ్వు, కండ దాటుకుని రెండు మూడు సెంటీమీటర్ల లోతు చూడాలి. ఇక్కడ ధమని ప్రోబ్ కిందే ఉంది. లోతుకు పోవాల్సిన పని లేదు గనక పదీ పదిహేను మెగాహెర్ట్జ్‌ల పదునైన ధ్వని వాడుకోవచ్చు. ఒంట్లో ధ్వని సెకనుకు 1540 మీటర్లు పోతుంది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో అల పొడవు మిల్లీమీటరులో సుమారు ఆరో వంతు. ఐదారు మిల్లీమీటర్ల నాళంలో అర మిల్లీమీటరు పీచు ఊగుతున్నా తెరమీద పడుతుంది.

ముందు అడ్డంగా చూస్తారు. గుండె వైపు క్లాంపు పడ్డ చోట మొదలుపెట్టి, ప్యాచ్ మీదుగా, రెండు కొమ్మల మీదుగా, పై కొస దాటి మంచి నాళం వచ్చేదాకా ప్రోబ్‌ను మెల్లగా జరుపుతారు. తర్వాత అదే దారిలో నిలువుగా. లేచిన పొర ప్రతి దెబ్బకూ అటూ ఇటూ కొట్టుకునే తెల్లటి గీతగా కనబడుతుంది. కానీ తెల్లగీతలన్నీ పొరలు కావు. కుట్టు ముళ్లు మెరుస్తాయి, గోడల మధ్య అటూ ఇటూ తిరిగిన ప్రతిధ్వని లేని గీతను పుట్టిస్తుంది. అందుకే నిలువులో కనిపించింది అడ్డంలోనూ కనిపిస్తేనే నమ్ముతారు. అప్పుడే కట్టిన గడ్డ ఇంకో రకం మోసగత్తె. అది రక్తంలాగే నల్లగా ఉండి బొమ్మలో కలిసిపోతుంది. రంగు డాప్లర్ వేస్తే, రంగు నిండాల్సిన చోట ఖాళీ మిగిలి అది బయటపడుతుంది.

డాప్లర్‌కూ దాని మర్యాదలున్నాయి. ప్రోబ్‌ను నాళానికి నిటారుగా పెడితే పారే రక్తం కూడా పారనట్టే చూపిస్తుంది. ప్రవాహానికి 60 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ వాలులో కొలవాలి. 60 దగ్గర 5 డిగ్రీలు పొరపాటు చేస్తే వేగం లెక్క సుమారు 15 శాతం తప్పుతుంది. వేగం ఒక్కచోట హఠాత్తుగా పెరిగి, ఆ వెంటనే రంగులన్నీ కలగాపులగమైతే అక్కడ ఇరుకుందని అర్థం. అది కుట్టు బిగువు కావచ్చు, నాళం మెలిక తిరగడం కావచ్చు. ఏమీ లేకుండా క్లాంపు తాకిడికి నాళం ముడుచుకుపోయి ఉండొచ్చు కూడా. అలాంటప్పుడు మంచి సర్జన్ కత్తి తీసుకోరు. నాళాన్ని సడలించే పాపవరిన్ నాలుగు చుక్కలు వేసి, కాసేపు ఆగి మళ్లీ చూస్తారు. పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్‌తో చేసిన ప్యాచ్ వేసినవాళ్లకు మరో తిప్పలుంది. దాని రంధ్రాల్లో గాలి ఉంటుంది కాబట్టి కొత్తలో అల్ట్రాసౌండ్ దాన్ని దాటదు. ప్యాచ్ లేని పక్కనుంచి ప్రోబ్‌ను వంచి తొంగి చూడాల్సిందే.

ఇప్పుడు, లోపాలు మరీ ఎక్కువగా దొరికే ఆ చిక్కు. కనబడ్డవన్నీ దిద్దాలా? దిద్దాలంటే మళ్లీ క్లాంపు వెయ్యాలి, మెదడుకు రక్తం మళ్లీ ఆపాలి, వేసిన కుట్టు విప్పాలి. ఒక పొరను సరిచెయ్యబోయి ఇంకో గడ్డను పుట్టించవచ్చు. హెపారిన్ పనిచేస్తుండగానే ఈ నిర్ణయం జరగాలి గనక, దానికి విరుగుడు ప్రోటమిన్ ఇవ్వకముందే స్కాన్ చెయ్యడం మంచి వాడుక. చిన్న పీచు, గోడకు అణిగి ఉన్న పొట్టి అంచు వదిలేసినా చాలావరకు నష్టం లేదని ఏళ్ల అనుభవం చెప్పింది. స్థూలంగా, రెండు మిల్లీమీటర్లు దాటి ఊగే పొర, కదిలే గడ్డ, వేగాన్ని బాగా పెంచేసే ఇరుకు ఉంటే తెరవాలి. మిగతావి రాసుకుని వదిలెయ్యాలి. ముఖం వైపు కొమ్మలో లోపం పట్ల కొంత ఉదారంగా ఉన్నా, మెదడు వైపు దాన్ని మాత్రం ఉపేక్షించరు. నా దృష్టిలో ఈ పనిలో అసలు పనితనం ఇదే. తప్పు పట్టడం మిషన్ నేర్పుతుంది. పట్టిన తప్పును వదిలెయ్యడం నేర్పేది అనుభవం.

అందరూ ఈ చూపును ఒప్పుకోలేదు. చేతిపని శుభ్రంగా ఉంటే ఎందుకీ తతంగం అనే పెద్ద సర్జన్లు ఉన్నారు, వాళ్ల ఫలితాలూ మంచివే. న్యూ ఇంగ్లండ్ ఆసుపత్రుల రికార్డుల్లో, అరుదుగా చూసే సర్జన్లకూ, అప్పుడప్పుడు చూసేవాళ్లకూ, దాదాపు ప్రతిసారీ చూసేవాళ్లకూ మధ్య పక్షవాతం, మరణాల్లో స్పష్టమైన తేడా తేలలేదు. జర్మనీ లెక్క వేరుగా ఉంది. 2009 నుంచి 2014 వరకు అక్కడ నమోదైన 1,42,074 ఆపరేషన్లను తిరగేస్తే, మూసేముందు అల్ట్రాసౌండ్‌తో గానీ యాంజియోగ్రామ్‌తో గానీ చూసిన చోట ముప్పు తక్కువగా కనిపించింది. అయితే అది రిజిస్టర్ లెక్కే. చూసుకునే అలవాటున్న సర్జన్లు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరులై ఉండొచ్చు, ఆ ఫలం ఈ ఖాతాలో పడి ఉండొచ్చు. యూరప్ వ్యాస్క్యులర్ సర్జన్ల సంఘం 2023 మార్గదర్శకాల్లో, మూసేముందు చూసుకోవడాన్ని పరిశీలించదగ్గ పనిగా చెప్పి ఊరుకుంది, తప్పనిసరి అనలేదు. తూకం సరిగ్గానే ఉందనిపిస్తుంది. నన్నడిగితే మాత్రం, నా మెడ మీద జరిగేటప్పుడు చూసుకునే సర్జన్‌నే కోరుకుంటాను.

మన దగ్గర దీనికి ఇంకో కోణం ఉంది. అల్ట్రాసౌండ్ అనగానే మనవాళ్లకు స్కానింగ్ సెంటరూ, లింగ నిర్ధారణ నేరం అని గోడ మీద రాసిన బోర్డూ గుర్తొస్తాయి. 1994 చట్టం కింద ఈ మిషన్లన్నీ రిజిస్టర్ కావాలి. గుండె చూసేదైనా, మత్తు డాక్టరు నరం వెతుక్కునేదైనా, వ్యాస్క్యులర్ సర్జన్ ధమని చూసేదైనా మినహాయింపు లేదు. రిజిస్టర్ చేసిన ఆవరణ దాటి మిషన్‌ను సాధారణంగా తీసుకుపోవడానికీ లేదు. ఆడపిల్లల ప్రాణాల కోసం పెట్టిన ఆ కట్టుబాటును తప్పు పట్టలేం. దాని బరువు మాత్రం, గర్భంతో ఏ సంబంధమూ లేని థియేటర్ మిషన్ మీద కూడా పడుతుంది. అయినా కాలేయ మార్పిడిలో హెపాటిక్ ధమని అతికాక పొట్ట మూసేముందు డాప్లర్ చూడటం ఇప్పుడు మామూలైంది. గుండె బైపాస్‌లో గ్రాఫ్టు కుట్టాక ప్రవాహం కొలిచే మీటరు పెడుతున్నారు. మెడ ధమనికీ ఆ అలవాటు రావడానికి పెద్ద అడ్డేమీ లేదు. ప్రోబ్, తొడుగు, పట్టుకోవడం తెలిసిన చెయ్యి ఉంటే చాలు.

ఆ స్కాన్ బొమ్మకు థియేటర్ బయట ఇంకో ఉపయోగం ఉంది. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు రోగి మళ్లీ వస్తాడు, మెడకు డాప్లర్ తీస్తారు. అక్కడ ఇరుకు కనిపిస్తే మొదటి ప్రశ్న, ఇది ఆనాడు మిగిలిపోయిందా, తర్వాత కొత్తగా వచ్చిందా అని. తొలి రెండేళ్లలో వచ్చేది సాధారణంగా గాయం మానే క్రమంలో లోపలిపొర దళసరెక్కడం. నున్నగా ఉంటుంది, తునకలు రాలడం అరుదు, గమనిస్తూ ఉండొచ్చు. ఆ తర్వాత ఏళ్లకు వచ్చేది మళ్లీ పేరుకున్న గార. ఆనాడే మిగిలిన మెట్టయితే దాని సంగతి వేరు. మూసేముందు తీసిన బొమ్మా, రాసుకున్న వేగమూ కేసు షీటులో ఉంటే ఈ మూడింటినీ విడదీయడం తేలిక. లేకపోతే, ఆ రోజు నాళం ఎలా ఉందో ఆపరేషన్ చేసిన సర్జన్ కూడా చెప్పలేరు.